మా యింటి వెండి రూపాయి – రెండవ పరీక్ష

మన వారి యిండ్లలో పెట్టె అడుగున ఒక వెండి రూపాయి లేని యిల్లు అరుదు. పెండ్లిలో చదివించినదో, పురిటికి పుట్టింటివారు పెట్టినదో, ముత్తాత మొదటి సంపాదనలో మిగిల్చినదో, యేదో ఒకటి యెర్రగుడ్డలో మూట కట్టి వుంటుంది. దీపావళినాడు బయటికి వస్తుంది. లక్ష్మీపూజ అయినాక మళ్ళీ లోపలికి పోతుంది. దాని వెల యెంత అని యెవరూ అడగరు. అడిగిననాటి నుంచి మాత్రం దానికీ నెమ్మది వుండదు, మనకూ నెమ్మది వుండదు. మా యింటి రూపాయి విషయంలో అదే జరిగినది. దానిని రెండవసారి పరీక్షకు పంపవలెనా, వద్దా అని మూడు కాపురాలవాళ్ళము నెల రోజులు తర్జనభర్జన పడినాము. యిటువంటి రూపాయి వున్న యితరులకు పనికివస్తుందని ఆ ముచ్చట వ్రాస్తున్నాము.

మా రూపాయి 1911 నాటిది. మా ముత్తాత కరీంనగరు వైపునుంచి షోలాపూరుకు నేత పనికి వచ్చినవాడు. యిక్కడి పద్మశాలి కుటుంబాలలో చాలా వాటి కథ యిదే గనుక దానిని పెంచి చెప్పనక్కరలేదు. ఆ దినాలలో ఆయన సొంతవూరు నిజాము రాజ్యం. అక్కడి చెలామణి హాలీ సిక్కా, చార్మినారు బొమ్మగల రూపాయి. యింగ్లీషువారి రూపాయిని అక్కడివారు కల్దారు అనేవారు. కల, అనగా యంత్రం, దానిమీద కొట్టినది అని అర్థం. కల్దారు యెక్కువ, హాలీ తక్కువ. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత కూడా యేడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సరి అని లెక్క వుండినది. కనుక షోలాపూరు వచ్చి కల్దారులో కూలి తీసుకొనడమంటే వూళ్ళో వున్నవారి దృష్టిలో అది ఒక మెట్టు పైకి యెక్కడమే. మా ముత్తాత తన మొదటి కూలి డబ్బులలో ఒక కల్దారును ఖర్చు చేయకుండా దాచినాడు. అదే యిది.

తూకానికి యిది సరిగా ఒక తులం, అనగా 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించినారు. 1947లో నికెలు రూపాయి వచ్చినది. అందుచేత పాత రూపాయలకు వెండి వెల యెప్పుడూ వున్నది. కాని 1911 రూపాయికి వెండి వెలకు మించిన ఒక విశేషం వున్నది. ఆ సంవత్సరం అయిదవ జార్జి చక్రవర్తి బొమ్మతో మొదటిసారి రూపాయలు కొట్టినారు. రాజుగారి భుజాలమీది వస్త్రానికి ఒక బిరుదు గొలుసు, ఆ గొలుసులో ఒక యేనుగు బొమ్మ వుండినవి. చిన్న అచ్చులో ఆ యేనుగు తొండం పొట్టిదై, వీపు గుండ్రమై, చూసేవారి కంటికి పందివలె కనబడినది. యిది జనంలో పాకి, ముఖ్యంగా ముసల్మాను సోదరులకు బాధ కలిగినది. ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కు తీసుకొని చాలావరకు కరిగించినది. 1912 నుంచి యేనుగును యేనుగుగా తెలిసేటట్లు అచ్చు మార్చినారు. నాణేలు సేకరించేవారు యీ 1911 రూపాయిని యిప్పటికీ పంది రూపాయి అనే పిలుస్తారు. మా ముత్తాతకు యీ సంగతి తెలుసునో లేదో చెప్పేవారు లేరు. మా నాయనమ్మ మాత్రం దానిని లక్ష్మి అనే పిలిచేది.

నాయనమ్మ 1930 ప్రాంతంలో యీ యింటి కోడలుగా వచ్చినది. 1994లో పోయినది. మధ్యలో ప్రతి దీపావళికి ముందు రోజున యీ రూపాయిని తానే కడిగేది. పొయ్యిలోని బూడిదను పలుచని గుడ్డలో జల్లించి, నిమ్మచెక్కకు అద్ది, రాజుగారి ముఖంమీద, కిరీటంమీద, వెనక పూల తీగెమీద గుండ్రంగా రుద్దేది. నల్లదనం పోయి తెల్లగా మెరిసినాక పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టేది. మసిపట్టిన లక్ష్మిని పీటమీద పెట్టరాదని ఆమె నియమం. అరవై దీపావళులు అట్లా జరిగినవి. ఆమె పోయిన తరువాత మా పెద్ద వదినె రుద్దడం మానివేసి, వుత్త నీళ్ళతో తుడిచి పెడుతూ వచ్చినది. ముప్పై యేండ్లలో దాని మీద మళ్ళీ పొగరంగు పట్టినది.

మా చిన్నవాడి కూతురికి పూణేలో నర్సింగు కాలేజీలో సీటు వచ్చినప్పుడు యీ రూపాయి వెల సంగతి మొదటిసారి యింట్లో లేచినది. మా పెద్దవాడు టవళ్ళ కార్ఖానాలో సాంచాలమీద పని. మధ్యవాడు ఆఫీసు గుమాస్తా. చిన్నవాడు మందుల దుకాణంలో సరుకు అందించే పని. యీ మూడు జీతాలలోనుంచి ఒక్కసారిగా ఫీజు తీయడం కష్టం. పంది రూపాయి మంచి స్థితిలో వుంటే మంచి ధర పలుకుతుందని యెవరో చెప్పగా, ఒక నాణేల వ్యాపారి దగ్గరికి తీసుకొనిపోయినాము. ఆయన అద్దంపెట్టి చూసి, ముందు అమెరికా కంపెనీలో పరీక్ష చేయించండి, అంకె వస్తే అప్పుడు మాట్లాడుకొందాము అన్నాడు. ఆయన ద్వారానే పంపినాము. ఫారములు నింపినది మాలో గుమాస్తాపని తెలిసినవాడు.

యీ పరీక్ష అంటే యేమిటో నాలుగు మాటలు చెప్పాలి. మన పెద్దలకు బంగారానికి వన్నె చూడడం తెలుసు. పదహారు వన్నెల బంగారం అని నేటికీ అంటాము. వెండి రూపాయిని షరాబు రాతిమీద మోగించి, ఆ మోతను బట్టి మంచిదా చెడ్డదా చెప్పేవాడు. యిప్పటి పరీక్ష లోహం మంచిచెడ్డలకే కాదు. నాణెం అసలుదా, నకిలీదా అని మొదట చూస్తారు. తరువాత అది టంకశాలలో అచ్చు కింద నుంచి వచ్చినప్పుడు యెట్లా వుండినదో, యిప్పుడు దానికి యెంత దగ్గరగా వున్నదో చూస్తారు. విలియం షెల్డన్ అనే అమెరికా ఆయన 1949లో తన పుస్తకంలో పాత రాగి సెంట్లకు 1 నుంచి 70 వరకు అంకెలు పెట్టినాడు. 1 అంకె నాణెం కంటె 70 అంకె నాణెం డెబ్బది రెట్లు వెల చేస్తుందని ఆయన లెక్క. ఆ వెలల లెక్క పోయినది గాని అంకెలు మిగిలినవి. 1986, 1987 సంవత్సరాలలో అమెరికాలో రెండు పెద్ద పరీక్షా కంపెనీలు పుట్టి, ఆ అంకెలనే వాడుతూ, నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి, పైన చీటి పెట్టి యిస్తున్నవి. 60కి పైన వుంటే చేతులు మారని నాణెం. 60కి లోపల వుంటే వాడకంలో అరిగినది. 40, 45 అంటే స్వల్పంగా అరిగి, గీతలన్నీ స్పష్టంగా వున్నది.

పరీక్షకులు మనుషులే. ఒకరు కాక యిద్దరు ముగ్గురు దీపం కింద నాణేన్ని వంచి, తిప్పి చూస్తారు. అచ్చు దెబ్బకు లోహం మధ్యనుంచి అంచువైపుకు పారినప్పుడు కంటికి కనబడని సన్నని చారలు యేర్పడతవి. వాటిమీద వెలుతురు పడితే బండిచక్రపు ఆకులవలె మెరుపు తిరుగుతుంది. అది పుట్టు మెరుపు. బూడిదతో రుద్దితే ఆ చారలు పోతవి. బదులుగా వెంట్రుకవంటి గీతలు పడతవి. అప్పుడు వచ్చే తెలుపు వేరే తెలుపు. రుద్దిన ప్రతిసారీ వెండి కూడా కొంచెం కొంచెం పోతుంది. పోయిన వెండిని యెవరూ తిరిగి పెట్టలేరు. నాణేలను శుభ్రం చేసి యిచ్చే విభాగాలు కూడా పైన పట్టిన మురికి తీయగలవు గాని గీతలను మాన్పలేవు.

మూడు నెలల తరువాత మా రూపాయి ప్లాస్టిక్ పెట్టెలో తిరిగి వచ్చినది. చీటిమీద అంకె లేదు. ‘ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్’ అని మాత్రం వున్నది. అనగా, నాణెం అసలుదే, అరుగుదల స్వల్పమే, గాని కడిగినది, గనుక అంకె యివ్వము అని. కడిగిన చీటి వున్న నాణేనికీ, అదే అరుగుదలతో అంకె వున్న నాణేనికీ ధరలో చాలా తేడా.

వ్యాపారి చీటి చూసి బాధపడలేదు. ‘యిందులో యేమున్నది? పెట్టె పగులగొట్టి రూపాయిని తీసి, కొత్తదానివలె మళ్ళీ పంపండి. లేదా రెండో కంపెనీకి పంపండి. ముప్పై యేండ్లుగా రంగు పట్టినది గదా, కింది గీతలు కొంత మూసుకున్నవి. చూసే కన్నును బట్టి దాటిపోవచ్చు. అందరూ చేసే పనే’ అన్నాడు. ఆయన చెప్పినది అబద్ధం కాదు. ఒకే నాణెం రెండుసార్లు పోయి రెండు విధాలుగా తిరిగి వచ్చినది సేకరించేవారందరికీ తెలిసిన సంగతే. చట్టం దానిని తప్పనడంలేదు. కంపెనీలే తిరిగి పరీక్షకు వేరే దరఖాస్తు పెట్టినవి. ఫీజు కట్టినవాడికి అడిగే హక్కు వున్నది.

ఆ ఆదివారం పెద్దన్న యింట్లో కూర్చున్నాము. చిన్నవాడు పంపాలనే పట్టు. ‘అన్నా, వాళ్ళూ మనుషులే గదా. మొదటిసారి చూసినాయన పొద్దున్నే యెవరితోనో కొట్లాడి వచ్చిండేమో! యింకొకరు చూస్తే అంకె రావచ్చు. పిల్ల ఫీజు ఒక యేడుది అందులోనే గట్టెక్కుతది’ అన్నాడు. కూతురి కొరకు మాట్లాడేవాడి మాటను తేలికగా తీసివేయరాదు.

గుమాస్తాకు తోచినట్లు మేము ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసినాము. మొదటి గడి: మళ్ళీ పంపితే అదే చీటి రావచ్చు. అప్పుడు పరీక్ష ఫీజు, రానుపోను ఖర్చు, బీమా, వ్యాపారి కమిషను, యివన్నీ రెండవసారి కూడా పోతవి. మొదటిసారి పోయినది మా యింటి ఒక నెల బియ్యం పప్పుల ఖర్చు. రెండవ గడి: పెట్టె పగులగొట్టినాక యింకా తక్కువ మాట రావచ్చు. పాత చీటి అప్పటికే పోయి వుంటుంది గనుక దానిని చూపి వాదించడానికి కూడా వీలుండదు. మూడవ గడి: అంకె రావచ్చు. మూడింటిలో ఒక్కదానిలోనే లాభం. పైగా మూడు నెలల కాలం. కాలేజీ ఫీజు గడువు ఆరు వారాలు. యీ లెక్క చూసిన తరువాత కూడా చిన్నవాడు, ‘లాటరీ చీటీ కంటె నయమే గదా’ అన్నాడు. అది కూడా నిజమే. పంది రూపాయి కాక మామూలు 1912 రూపాయి అయితే ఖర్చులు రాబడిని మింగుతవి గనుక వాదనే లేకపోయేది.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో కూర్చుని విన్న పెద్ద వదినె ఒక ప్రశ్న వేసినది. ‘అత్తమ్మ కడిగిన మాట నిజమా, కాదా?’ నిజమే అన్నాము. ‘మరి నిజం రాసిండని ఆయనమీద కోపం యెందుకు? మీరు యింకొకని దగ్గరికి పోయేది నిజం తెలుసుకొనేతందుకా, నిజం తెలియనోణ్ణి వెతికేతందుకా?’

ఆ ప్రశ్నతో మాకు మా నాయన జ్ఞాపకం వచ్చినాడు. చేనేతలో పనిచేసినవారికి యీ సంగతి చెప్పనక్కరలేదు. చీర నేసి దుకాణానికి తీసుకొనిపోతే సావుకారు గుమాస్తా దానిని విప్పి, వెలుతురుకు పెట్టి చూస్తాడు. పోగు తెగినచోట, పేకె తప్పినచోట గుర్తుపెట్టి కూలిలో కోత వేస్తాడు. కొందరు నేతగాళ్ళు ఆ చీరను అక్కడ యివ్వకుండా వెనక్కు తెచ్చుకొని, తప్పు పడిన భాగం లోపలి మడతలోకి పోయేటట్లు మళ్ళీ మడిచి, చూపు మందమైన యింకొక గుమాస్తా దగ్గరికి తీసుకొనిపోయేవారు. చాలాసార్లు చెల్లేది. సావుకారు నష్టపోయేవాడు కాదు. ఆయన కూడా ఆ మడతతోనే అమ్మేవాడు. చివరికి పండుగనాడు చీర విప్పిన యేదో పల్లెటూరి ఆడబిడ్డకు ఆ తప్పు కనబడేది. మా నాయన కోతకు యెన్నడూ సంతోషించలేదు. గుమాస్తాతో తగవు కూడా పెట్టుకొనేవాడు, తప్పు లేనిచోట తప్పు చూపితే. తప్పు వున్నచోట మాత్రం కోత పెట్టించుకొని డబ్బు తీసుకొని వచ్చేవాడు. మడత మార్చేవాడు కాదు.

మేము చేయబోయే పని అదా, కాదా అని ఆలోచించినాము. పరీక్షలో నిజంగా పొరపాటు జరిగిందని మనకు తెలిసి వుంటే, అనగా కడగని నాణేన్ని కడిగినదని వ్రాసి వుంటే, రెండవ పరీక్ష అడగడం న్యాయం. అది తప్పు లేనిచోట తగవు పెట్టుకొనడం వంటిది. యిక్కడ అట్లా కాదు. కడిగిన చేతులను మేము కళ్ళారా చూసినవాళ్ళము. నిమ్మచెక్క పిండి యిచ్చిన పిల్లలము. అంకె వస్తే, పరీక్షకుడి కన్ను తప్పినందువల్లనే వస్తుంది. ఆ కన్ను తప్పిన ఖరీదు కంపెనీ కట్టదు, వ్యాపారి కట్టడు. అంకెను నమ్మి కొన్నవాడు కడతాడు. వాడు కూడా మనవంటి జీతగాడే కావచ్చు. వాడి కూతురి ఫీజుకు ఆ రూపాయిని అమ్మబోయిన రోజున, చూపు మంచిదైన మూడవ పరీక్షకుడు యెదురు పడవచ్చు.

చిన్నవాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, ‘అయితే ఫీజు సంగతి యెట్ల?’ అన్నాడు. ఆ మాట అడగడానికి వాడికి హక్కు వున్నది. నిజాయితీ మాటలు చెప్పి వాడి నెత్తిన భారం వేసి లేచిపోతే అది వేరే రకం మోసం అవుతుంది. కనుక రూపాయి సంగతీ ఫీజు సంగతీ విడివిడిగా తేల్చినాము. ఫీజుకు పెద్దవాడు దీపావళి బోనసుమీద ముందుగా కొంత తెచ్చినాడు. గుమాస్తా ఆఫీసు సొసైటీలో అప్పు తీసినాడు. చిన్నవాడు భార్య గొలుసు తాకట్టు పెట్టినాడు. తేలికగా తీరలేదు. సొసైటీ కోత యింకా రెండేండ్లు జీతంలో పడుతుంది. గొలుసు యింకా విడిపించలేదు. పిల్ల మాత్రం గడువులోగా కాలేజీలో చేరినది.

రూపాయిని కడిగిన చీటితోనే అమ్మడానికి అడ్డు లేదు. వ్యాపారి ఒక ధర చెప్పినాడు. అది తెలిసి కొనేవాడికీ తెలిపి అమ్మేవాడికీ నడిచే శుద్ధమైన బేరం. ఆ ధరకు తరువాత కూడా అమ్మవచ్చు గనుక తొందర పడలేదు. గొలుసు విడిపించడానికి గడువు మీదికి వస్తే అమ్ముతాము. పెద్ద వదినె కూడా అందుకు ఒప్పుకున్నది. ‘లక్ష్మి యింటి ఆడబిడ్డ మెడలోకి తిరిగి వస్తే అది పోయినట్టు కాదు’ అన్నది.

పెట్టె పగులగొట్టి రూపాయిని పూజకు తీయుదామా అని కూడా యెవరో అడిగినారు. తీయలేదు. అందుకు కారణం వెల ఒక్కటే కాదు. మా నాయనమ్మకు వ్రాత రాదు. రేషను కార్డుమీద, యింటి కాగితాలమీద ఆమెది వేలిముద్రే. ఆమె జీవితకాలంలో చేసిన పని గురించి ప్రపంచంలో అచ్చులో వున్న మాట, వెతికి చూస్తే, ఆ చీటిమీది ఒక్క మాటే. వాళ్ళు దానిని లోపంగా వ్రాసినారు. లోపమే, సేకరించేవారి లెక్కలో. మా యింటి లెక్కలో అది అరవై దీపావళుల హాజరీ పట్టిక. రెండు లెక్కలూ నిజమే. ఒక లెక్కను కప్పి రెండవదాన్ని చూపనక్కరలేదు.

యిటువంటి రూపాయి యింట్లో వున్న సోదర సోదరీమణులకు మాకు తెలిసినంతలో మనవి చేసేది యింతే. మీ రూపాయిని యెప్పుడైనా అమ్మే ఆలోచన వుంటే యీ రోజునుంచి దానిని రుద్దకండి. బూడిద, నిమ్మకాయ, పండ్లపొడి, వెండి సామాను తోమే మందులు, యేవీ తాకనీయకండి. నల్లబడితే నల్లబడనివ్వండి. ఆ నలుపు దానికి చెరుపు కాదు. పట్టుకొనేటప్పుడు రెండు వేళ్ళతో అంచులనే పట్టుకొనండి. పాత మెత్తని ప్లాస్టిక్ సంచులలో పెట్టకండి, పచ్చని జిగురు పడుతుంది. పరీక్షకు పంపేముందు ఖర్చులన్నీ కూడి, అదే రకపు అంకె నాణేలు వేలంలో యే ధరకు పోయినవో చూసి, రెండూ పక్కపక్కన వ్రాసుకొనండి. చీటి మీ కోరినట్లు రాకపోతే, రెండవసారి పంపేముందు, వాళ్ళు వ్రాసినది అబద్ధమా, మనకు నచ్చని నిజమా అని యింట్లో పెద్దవారిని ఒకసారి అడగండి.

అమ్మే ఆలోచన లేకపోతే మాత్రం నిశ్చింతగా కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకొనండి. దానికి యెవరి అంకె అక్కరలేదు.